టెక్ సందేహాలు: మూడు డిస్కులున్న కంప్యూటర్‌కు సీ డ్రైవ్ బ్యాకప్ ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 ఉంది. పాత కంప్యూటర్ నుంచి తీసి బిగించిన 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో (డీ డ్రైవ్) కొన్ని ప్రోగ్రాములు, డాక్యుమెంట్లు. 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. బ్యాకప్ కోసం 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. సీ డ్రైవ్‌ను ఇమేజ్‌గా (డ్రైవ్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్లుగా దాచే బ్యాకప్‌గా) తీసి ఉంచుకుంటే, ఎస్‌ఎస్‌డీ పాడైన రోజున కొత్తదాంట్లోకి రీస్టోర్ చేసుకుని మునుపటిలాగే వాడుకోవచ్చా? ఆ సమయంలో మిగతా డిస్కుల్లోని డేటాకు ముప్పు ఉంటుందా?

జవాబు: సీ డ్రైవ్ ఇమేజ్ ఒక్కటే ఉంటే, రీస్టోర్ సజావుగా ముగిసినా కంప్యూటర్ బూట్ కాకపోవచ్చు. మీరు రాసినదాంట్లో నాకు అనుమానం కలిగించినది పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన ఆ హార్డ్‌డిస్క్. విండోస్‌ను ఇన్‌స్టాల్ చేసే వేళకే అది బిగించి ఉండి, అందులో పాత విండోస్ తాలూకు ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ మిగిలి ఉంటే, ఇన్‌స్టాలర్ ఎస్‌ఎస్‌డీలో కొత్తదాన్ని సృష్టించకుండా ఆ పాతదాన్నే వాడుకుని ఉండవచ్చు. సాధారణంగా కొన్ని వందల ఎంబీలకు మించని ఈ చిన్న భాగానికి డ్రైవ్ అక్షరం ఉండదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. కానీ కంప్యూటర్‌ను ఆన్ చేసినప్పుడు విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. అంటే మీ విండోస్ ఒక డిస్కులోనూ, దాన్ని మొదలుపెట్టే తాళంచెవి మరో డిస్కులోనూ ఉండే అవకాశం ఉందన్నమాట.

విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఏ డిస్కులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉందో కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీలో లేకపోతే విషయం అక్కడే తేలిపోయినట్లు. రెండింటిలోనూ కనిపిస్తే మాత్రం వాడుకలో ఉన్నది ఏదో ఆ తెరను చూసి చెప్పలేము. అప్పుడు కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, కరెంటు వైరు తీసేసి, 1 టీబీ డిస్కుకు ఉన్న కేబుల్‌ను ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. విండోస్ వస్తే మీ ఎస్‌ఎస్‌డీ తన కాళ్లమీద తాను నిలబడగలదు. రాకపోతే కంగారు పడనక్కర్లేదు, కేబుల్ తగిలిస్తే యథాస్థితి. ఆ తర్వాత రెండు డిస్కులకూ బ్యాకప్ తీసుకుని, సీ డ్రైవ్‌ను కొద్దిగా కుదించి, ఖాళీ అయిన చోట కొత్త ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను సృష్టించి, బీసీడీబూట్ అనే ఆదేశంతో బూట్ ఫైళ్లను అందులోకి తెచ్చుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ అలవాటు లేనివారు ఈ పనిని తెలిసినవారి చేత చేయించుకోవడమే మంచిది.

ఇక ఇమేజ్ తీసేటప్పుడు సీ అనే అక్షరాన్ని కాక, ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని, అంటే అందులోని అన్ని పార్టిషన్లనూ ఎంచుకోండి. డీ డ్రైవ్‌ను కూడా అదే రోజున ఇమేజ్ తీయాలి. అక్కడి ప్రోగ్రాముల ఫైళ్లు డీలో ఉన్నా, వాటి వివరాలు సీలోని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోట) ఉంటాయి కాబట్టి, ఒకటి ఈ నెలది, మరొకటి ఆరు నెలల కిందటిది అయితే రెండింటికీ పొంతన కుదరదు. ఫొటోల డిస్కుకు ఇమేజ్ అక్కర్లేదు. జేపీఈజీ, వీడియో ఫైళ్లు ముందే కుదించినవి కాబట్టి ఇమేజ్‌లో చోటు కూడా పెద్దగా ఆదా కాదు. వాటిని మామూలు ఫైళ్లుగానే కాపీ చేసుకుంటే, ఏ సాఫ్ట్‌వేర్ అవసరమూ లేకుండా ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవచ్చు. సెకనుకు 100 ఎంబీ వేగం వచ్చినా 2 టీబీ కాపీ కావడానికి దాదాపు అయిదున్నర గంటలు పడుతుంది కాబట్టి మొదటిసారి ఓపిక పట్టక తప్పదు. తర్వాత మారినవి మాత్రమే కాపీ చేసుకోవచ్చు. ఫైళ్లను కాపీ చేసే విండోస్ ఆదేశమైన రోబోకాపీని మిర్రర్ పద్ధతిలో వాడేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మూలంలో లేనివాటిని అది గమ్యంలో తొలగిస్తుంది. ఆ రెండింటినీ తారుమారుగా రాస్తే ఖాళీ డిస్కును చూసి అసలు డిస్కునూ ఖాళీ చేస్తుంది.

విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే అభివృద్ధి నిలిపివేసిన జాబితాలో చేర్చింది కాబట్టి దానిమీద ఆధారపడమని నేను చెప్పను. ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా నమ్మదగినదే కానీ దాని తెరలు కొత్తవారిని బెదరగొడతాయి. వీమ్ ఏజెంట్ ఉచిత కూర్పు కాస్త సులువు. ఏది వాడినా, దాని రికవరీ పెన్‌డ్రైవ్‌ను ఈరోజే తయారు చేసుకుని, దానితో కంప్యూటర్ మొదలవుతుందో లేదో, ఎక్స్‌టర్నల్ డిస్కులోని ఇమేజ్ అక్కడి నుంచి కనిపిస్తుందో లేదో చూసుకోండి.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ముప్పు తప్పకుండా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌తో మొదలైన రికవరీ తెరలో డ్రైవ్ అక్షరాలు మనం రోజూ చూసే వరుసలో ఉండాలని లేదు. సీ అనుకున్నది డీగానో ఈగానో కనిపించవచ్చు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు డిస్కుల మధ్య పొరబడి, నేను ఒకసారి నిక్షేపంలాంటి డేటా డిస్కు మీద విండోస్ ఇమేజ్‌ను రీస్టోర్ చేసుకున్నాను. అప్పటి నుంచి రీస్టోర్‌కు ముందు గమ్యమైన డిస్కును, బ్యాకప్ డిస్కును తప్ప మిగతా అన్నింటి కేబుళ్లనూ ఊడదీస్తున్నాను. మీరూ అదే చేయండి. డిస్కుల మోడల్, సీరియల్ నంబర్లను ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. కొత్త ఎస్‌ఎస్‌డీ పాతదాని పరిమాణానికి తగ్గకుండా చూసుకోవాలి. రీస్టోర్ పూర్తయి విండోస్ వచ్చాక షట్‌డౌన్ చేసి మిగతావాటిని తగిలించండి. డీ డ్రైవ్‌కు వేరే అక్షరం వచ్చి ప్రోగ్రాములు తెరుచుకోకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మళ్లీ డీ అని మార్చితే సరిపోతుంది.

డిస్కులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే (కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చే) బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ మీ దగ్గర ఉండాలి, అదీ ఇదే కంప్యూటర్‌లో కాదు. కేబుల్ ఊడదీసి చూసే పరీక్షలోనూ ఆ కీ అడగవచ్చు. పైగా నడుస్తున్న విండోస్ నుంచి తీసిన ఇమేజ్‌లో డేటా మామూలుగా ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంటుంది కాబట్టి బ్యాకప్ డిస్కుకు విడిగా తాళం వేసుకోవాలి. బ్యాకప్ పూర్తికాగానే ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసేయండి, తగిలించి ఉన్న డిస్కును రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కూడా వదలదు. ఫొటోలకు మాత్రం మరో చోట ఇంకో కాపీ ఉండాలి.

ప్రశ్న: రెండు డిస్కులను రెయిడ్ 1 పద్ధతిలో మిర్రర్‌గా, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా పెట్టుకున్నాను. నాకు వేరే బ్యాకప్ అవసరమా?

జవాబు: అవసరమే. ఒక డిస్కు చెడిపోతే పని ఆగకుండా చూడటం వరకే మిర్రర్ పని. మీరు పొరపాటున ఒక ఫోల్డర్‌ను తొలగిస్తే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది.