ఇంటిపనికి లెక్క ఎందుకు లేదు?

ప్రశ్న: ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, మంచాన పడిన మామగారిని చూసుకునే నన్ను అందరూ "ఖాళీగా ఉంటుంది" అంటారు. ఈ శ్రమకు ఆర్థికశాస్త్రంలో విలువ లేదా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: విలువ ఉందమ్మా, లెక్కలోకి రావడం లేదు. స్థూల దేశీయోత్పత్తిని (జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువను) లెక్కించే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, ఇంట్లో తినడానికి పండించుకున్న ధాన్యం ఉత్పత్తి కిందికి వస్తుంది గాని, దాన్ని వండి వడ్డించిన శ్రమ రాదు. అదే వంటకు జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే ఆ జీతం జాతీయాదాయంలో చేరుతుంది. ఈ హద్దు అన్యాయమైనదనే నా అభిప్రాయం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటల ఈ పని తర్వాత బయటి ఉద్యోగానికి ఎంత సమయం మిగులుతుందో, దగ్గరలో దొరికే తక్కువ జీతపు పనికే చాలామంది ఎందుకు ఒప్పుకోవలసి వస్తుందో దీన్ని బట్టి గ్రహించవచ్చు. న్యాయస్థానాలు ఈ విషయంలో కొంత ముందున్నాయి: రోడ్డు ప్రమాదంలో గృహిణి మరణిస్తే, ఆమె ఇంటిపనికి ఊహాత్మక ఆదాయం కట్టి పరిహారం నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2021 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. మీ వాటాగా కొంత మొత్తాన్ని నెలనెలా మీ పేర ఉన్న ఖాతాలో వేయమని మీ భర్తగారిని అడగడానికి సంకోచించవద్దు.