క్లోజ్ ఎక్కడ రాశావో ఒకసారి చూసుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన జావా కోడ్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. క్వెరీలు ముచ్చటగా ఉన్నాయి. గుబులు పుట్టించింది ఒక్కటే. డేటాబేస్ కనెక్షన్‌ని క్లోజ్ చేసే లైను ట్రై బ్లాక్ చివర్లో పెట్టావు. మధ్యలో ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) వస్తే ఆ లైను నడవదు.

మొదట్లో నేనూ అలాగే రాశాను. తెరిచిన కనెక్షన్లను దాచి, అడిగినప్పుడు అరువిచ్చే హికారీ పూల్‌లో 10 కనెక్షన్లు ఉండేవి. తప్పు తేదీ వచ్చి ఎక్సెప్షన్ పడిన ప్రతిసారీ ఒక కనెక్షన్ పూల్‌కి తిరిగి వెళ్లేది కాదు. పదీ అయిపోయాక, తర్వాత వచ్చిన ప్రతి రిక్వెస్టూ 30 సెకన్లు ఆగి టైమౌట్ అయ్యేది. పూల్‌ని 20కి పెంచాను. చిల్లుకుండలో ఇంకో బిందె పోసినట్టే అయింది. అసలు కారణం లాగ్‌లో లేదు, ఎందుకంటే ఎక్సెప్షన్‌ని పట్టుకునే క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేసింది నేనే. దాన్ని పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. అందుకే చెబుతున్నా, ఖాళీ క్యాచ్ ఎప్పుడూ రాయకు. ఏమీ చేయలేకపోతే ఎక్సెప్షన్‌ని పైకి పోనీ. కొత్తది విసిరితే పాతదాన్ని కారణంగా అందులో పెట్టు.

ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో రాస్తే సరిపోతుందనుకుంటావేమో. అక్కడ క్వెరీ ఫలితాలుండే రిజల్ట్‌సెట్ క్లోజ్ చేస్తుండగానే ఎక్సెప్షన్ వస్తే, కింద ఉన్న, క్వెరీని నడిపే స్టేట్‌మెంటు, కనెక్షను తెరిచే ఉండిపోతాయి. పైగా ఆ కొత్త ఎర్రర్ అసలు ఎర్రర్‌ని మింగేస్తుంది. జావా 7తో, 2011లో, ట్రై విత్ రిసోర్సెస్ వచ్చింది. ట్రై పక్కన బ్రాకెట్లలో తెరిచినవాటిని, తెరిచిన వరుసకు తిరగేసి అదే క్లోజ్ చేస్తుంది. అసలు ఎక్సెప్షన్‌ని నిలిపి, క్లోజ్‌లో వచ్చినదాన్ని సప్రెస్డ్‌గా దానికి తగిలిస్తుంది. అయితే కనెక్షన్‌కీ స్టేట్‌మెంట్‌కీ విడివిడిగా వేరియబుల్ పెట్టు. రెండు పిలుపులూ ఒకే లైన్లో గొలుసుకట్టుగా రాస్తే స్టేట్‌మెంటే క్లోజ్ అవుతుంది, కనెక్షన్ లీకవుతుంది. నీ మూడో ఫైల్లో సరిగ్గా ఇదే ఉంది.

ఆటోకమిట్ (ప్రతి మార్పునీ వెంటనే ఖాయం చేసేది) ఆపిన చోట ఎర్రర్ వస్తే, మార్పుల్ని వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్ నువ్వే పిలువు. కమిట్ కాని పనిని క్లోజ్ ఏం చేస్తుందన్నది డ్రైవర్‌ని (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీని) బట్టి మారుతుంది.

మార్చాక పూల్ సైజు 1 పెట్టు. ముందు ఒక తప్పు తేదీ, వెంటనే ఒక సరైన తేదీ పంపు. రెండోదానికి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో నాకు రాయి.

— మీ అన్నయ్య