కిరాయిదార్లతో మాట్లాడే తీరు: బిడ్డకో ఉత్తరం

బిడ్డా,

మహబూబ్‌నగర్‌లో ఆ పది పోర్షన్ల బిల్డింగు ఇక నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కిరాయి వసూలు చేయడం, ప్లంబర్‌ను పిలవడం నీకెవరూ నేర్పనక్కర్లేదు. మాట్లాడటమే అసలు పని, ఎందుకంటే ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, తిట్లు నీకు తగులుతాయి.

నువ్వు ఓనరువి కావు కాబట్టి ఆయన ఒప్పుకోని మాట నీ నోటి నుంచి రాకూడదు. "చూద్దాంలే అమ్మా, చేయిద్దాం" అని మనం మర్యాదకు అంటాం, వాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టే లెక్కేసుకుంటారు. "రాత్రికి ఓనరుతో మాట్లాడతా, రేపు పదింటికల్లా అవునో కాదో చెప్తా" అను. పదింటికి ఆయన ఫోన్ ఎత్తకపోతే, దొరకలేదనే ముక్కైనా నువ్వే ఫోన్ చేసి చెప్పు. అట్లాగని ప్రతి చేదు మాటకూ "నాదేముంది, ఓనరు అన్నాడు" అని తప్పుకోకు. రెండుసార్లు అట్లా అంటే నిన్ను దాటేసి నేరుగా ఆయనకే ఫోన్లు పోతాయి.

ఇక నీళ్లు. ఎండాకాలం మన దగ్గర బోరు ఎప్పుడు చేతులెత్తేస్తుందో తెలియదు, మోటరు కాలడమూ మామూలే. కాలిందని తెలిసిన నిమిషంలోనే గ్రూపులో పెట్టు, బాగయ్యాక కాదు. మెకానిక్ ఎన్నింటికి వస్తాడు, ట్యాంకర్ చెప్పావా లేదా, అప్పటిదాకా సంపులో ఉన్న నీళ్లు ఎట్లా పంచుకోవాలి, ఇంత చాలు. "పని జరుగుతోంది, సహకరించండి" అని పెడితే ఒంటికి సబ్బు రాసుకుని బాత్రూంలో నిలబడ్డవాడికి మండుతుంది. ముసలివాళ్లు వాట్సాప్ చూడరు, వాళ్ల తలుపు కొట్టి చెప్పు.

కిరాయి బాకీ మాత్రం ఎప్పుడూ గ్రూపులో ఎత్తకు. నలుగురిలో పరువు పోయిన మనిషి డబ్బు కట్టినా నీతో మళ్లీ సూటిగా మాట్లాడడు. విడిగా అడుగు, తారీఖు వాళ్ల నోటితోనే చెప్పించు, దాన్నే వాట్సాప్‌లో ఒక లైను రాసి పంపు. బొంబాయి, పుణె పనులకు పోయొచ్చే కుటుంబాలకు డబ్బు నెలనెలా రాదు, ఒక్కసారే వస్తుంది. వాళ్లతో ఒకటో తారీఖు పంచాయితీ దండగ, ఇంట్లో దిగేముందే మాట్లాడుకో. ఎంత కోపం వచ్చినా నీళ్లు ఆపుతా, కరెంటు తీసేస్తా అనకు. చట్టం దానికి ఒప్పుకోదు, పైగా ఆ మాట రికార్డు చేసుకుంటారు.

ఎక్కువ గొడవలు కరెంటు మీటరు దగ్గరే పుడతాయి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది కదా, తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే పైవాళ్ల కూలరు వల్ల మా జీరో బిల్లు పోయిందని కిందివాళ్లు నీ మీదికి వస్తారు. ఏ మీటరు ఎవరిది, ఎవరితో పంచుకున్నది అనేది ఇల్లు చూపించే రోజే చెప్పేయి. రేషన్ కార్డు లింకు చేసుకోవడానికి యూఎస్‌సీ నంబరు, అంటే బిల్లు మీదుండే కరెంటు కనెక్షన్ నంబరు, అడిగితే ఇచ్చెయ్యి. కార్డు లింకైతే ఇల్లు వాళ్లదైపోతుందని కొందరు ఓనర్లు భయపడతారు, అదేం లేదని ఆయనకూ నువ్వే నచ్చజెప్పాలి.

అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారని నీకు తెలుసు. కొత్తగా దిగేవాళ్లు మాత్రం 11 నెలలకు వెళ్లగొడతారేమో అని టెన్షన్ పడతారు, బయటికి అడగరు. మళ్లీ రాసుకుంటాం, కిరాయి ఇంత పెరుగుతుంది అని ముందే చెప్పు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఎంత పట్టుకుంటారో కూడా ఆరోజే చెప్పాలి. మెడికల్ కాలేజీ పిల్లలైతే వాళ్ల నాన్నకు కూడా ఫోన్‌లో చెప్పు, రేపు అడ్వాన్స్ గురించి మాట్లాడేది ఆయనే.

ఇంకోటి, పాత కిరాయిదార్లు ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారో ఓనరు దగ్గర ఈ వారమే రాయించుకుని, ఒక్కొక్కరికీ చూపించి సరేననిపించుకో.