ఎర్ర పెన్ను అమ్మాయి చేతికివ్వండి

గుంతకల్లు నుంచి ఒక తండ్రి రాశారు: ‘మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు అనంతపురంలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతూ బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతోంది. ఇంగ్లీషు నమూనా పరీక్షలో 10.25 మార్కులు దాటడం లేదు. రోజూ రాత్రి నేనే కూర్చుని దిద్దుతున్నాను. ఈ మధ్య నా ముందు రాయనంటోంది. హైదరాబాదులో స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించాలా, నంద్యాలలో బ్యాంకు కోచింగుకు పంపాలా?’

మీరు అడిగింది రెండు ఊళ్ల గురించి. మీ మనసులో ఉన్నది మాత్రం తెలుగు మీడియంలో చదివించి అన్యాయం చేశానేమోనన్న దిగులు. కడప నుంచీ కర్నూలు నుంచీ వచ్చే తల్లిదండ్రులు ఏటా ఇదే దిగులుతో నా ఎదుట కూర్చుంటారు. మీ అమ్మాయికి ఏ అన్యాయమూ జరగలేదు.

మీరు పంపిన జవాబు పత్రం చూశాను. 30 ప్రశ్నల్లో 24 రాసింది. 13 ఒప్పు, 11 తప్పు. తప్పుకు పావు చొప్పున 2.75 పోయాయి. ఆ పదకొండునూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు రకాలే కనిపించాయి.

‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అన్న వాక్యంలో తప్పే లేదని గుర్తు పెట్టింది. మనం ‘రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అంటాం కదా! ‘పొద్దుటి నుంచి’ అన్నా ‘రెండేళ్ల నుంచి’ అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. క్రియ కూడా ‘హ్యావ్ బీన్ లివింగ్’ అవుతుంది. ‘డిస్కస్ అబౌట్’ కూడా మన ‘గురించి చర్చించడం’ నుంచి వచ్చిందే. ఇలాంటివి ఆరు. ఆర్టికల్స్ (‘ఎ’, ‘యాన్’, ‘ది’) మన భాషలో లేవు, అక్కడ మూడు పోయాయి. మిగిలిన రెండూ ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ తరహావి. వీటికి తెలుగే మందు. ‘నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు’ అనుకుంటే చాలు, ‘ఫ్రెండ్స్’ అన్న బహువచనమూ ఏకవచన క్రియా రెండూ అందులోనే దొరుకుతాయి.

ఇక మీ సంగతి. కీ చూసి సరైన జవాబు పైన రాసేస్తున్నారు. అది ఎందుకు సరైనదో ఒక్క చోటా రాయలేదు. రెండు చోట్ల మాత్రం ‘ఇది కూడా రాదా?’ అని రాశారు. డిగ్రీ చదివే పిల్ల మీ ముందు రాయనంటే తప్పు ఎవరిదండీ? ఆ మాట రాసినందుకు ఆమెకు క్షమాపణ చెప్పండి.

స్పోకెన్ ఇంగ్లీషు మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. బెరుకు పోగొట్టడానికి అది మంచిదే, ఇంటర్వ్యూకు పనికొస్తుంది. కానీ మాటల్లో ‘సిన్స్ టూ ఇయర్స్’ అన్నా ఎదుటివారికి అర్థమైపోతుంది, ఎవరూ ఆపి దిద్దరు. పరీక్ష పట్టుకునేది సరిగ్గా ఆ తప్పునే. పైగా నెలల తరబడి అలాగే మాట్లాడితే తప్పు వాక్యమే చెవికి ఇంపుగా వినిపిస్తుంది. ఇప్పుడు దాని కోసం హైదరాబాదు పంపకండి.

నంద్యాల దగ్గరే, బ్యాంకు కోచింగుకు పేరున్న ఊరే. ఆ నిర్ణయానికి ఆరు వారాలు ఆగండి. ఈలోగా ఎర్ర పెన్ను అమ్మాయికే ఇవ్వండి. తప్పు వాక్యం, దాని వెనుక ఉన్న తెలుగు వాక్యం, దిద్దిన వాక్యం ఒక నోటుబుక్కులో వరుసగా రాసుకోమనండి. ఆరో వారం రాసిన జవాబు పత్రంతో ఆమెనే నాకు ఉత్తరం రాయమనండి.