మడుగులోకి బోరునీళ్లు వదిలినా చేపలు ఎందుకు తేలుతున్నాయి?

ప్రశ్న: ఎండాకాలం మా దగ్గర పాపాఘ్నిలో ఒక్క మడుగే మిగులుతుంది. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, నడుంలోతు. చేపలు చావకూడదని ఏటిగట్టు మీది బోరు నుంచి రెండంగుళాల పైపుతో నీళ్లు వదులుతున్నాం. అయినా తెల్లారేసరికి బొచ్చెలు, పరిగెలు నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయి. కొర్రమీన్లకు మాత్రం ఏమీ కాలేదు. బోరునీళ్లలో విషముందా?
– ఒక పాఠకుడు, వేంపల్లె, కడప జిల్లా

జవాబు: విషమే అయితే కొర్రమీను కూడా నిమ్మళంగా ఉండదు. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. బొచ్చెకు, పరిగెకు నీళ్లలో కరిగిన ప్రాణవాయువే దిక్కు. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే వాటికి సుఖం, 2కి దిగితే నోళ్లు తెరుస్తాయి. గాలి తగలని భూగర్భజలంలో చాలాసార్లు ఆ మాత్రం కూడా ఉండదు, పైగా బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. రాత్రిళ్లు పాచి కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే కష్టం.

పైపు మూతి నీళ్లలో ముంచి ఉంటే ముందు పైకి తీయండి. గట్టున నాపబండలతో నాలుగైదు మెట్లు కట్టి, నీళ్లు వాటి మీద వేలిమందం మించకుండా పలచగా పరుచుకుని జారేలా చూడండి. కొన్నాళ్లకు బండల మీద తెల్లటి పెట్టు కడుతుంది. మీది సున్నపురాతి నేల; బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయే కొద్దీ సున్నం పేరుకుంటుంది. అది మంచి గుర్తే. బకెట్లో రాత్రంతా ఉంచిన నీళ్ల అడుగున ఎర్రమడ్డి దిగితే మాత్రం ఇనుముంది, మొప్పలకు పట్టేస్తుంది. వ్యవసాయ కరెంటు పగలే వస్తుంటే, పగలు తొట్టిలోకి తోడి, తేరాక తెల్లవారుజామున మూడింటికి మెట్ల మీదికి వదిలితే రెండు పనులూ అవుతాయి.

అసలు అనుమానం బోరు మీద. మీ మడుగు 200 చదరపు మీటర్లు. మే ఎండకు రోజుకు సెంటీమీటరు ఆవిరైనా పోయేది 2,000 లీటర్లే. సెకనుకు రెండు లీటర్లు పోసే బోరుకు అది పావుగంట పైచిలుకు పని. గంటల తరబడి తోలినా మట్టం లేవకపోతే, పోసిన నీళ్లు ఇసుకలో ఇంకి మళ్లీ బోరులోకే వస్తున్నాయేమో చూడాలి. మడుగులో గీతలు పెట్టిన గుంజ పాతండి. ఒకరోజు మోటారు ఆపి, మర్నాడు రోజూ తోలినన్ని గంటలు నీళ్లు దూరపు చేనుకు పారించి, మట్టం ఎంత తగ్గిందో పోల్చండి. రెండో రోజు ఎక్కువ తగ్గితే బోరు మడుగునే తాగుతోంది. ఏటికి ఎడంగా ఉన్న బోరు చూసుకోవాలి. ఇంగ్లండులో కరువొచ్చినప్పుడు ష్రాప్‌షైర్ ఇసుకరాతి పొరల నీళ్లు తోడి సెవర్న్ నదికి కలుపుతారు. అక్కడైనా తోడినదంతా నదికి లాభం కాదు.

ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపొద్దు. పారే నీళ్లకు ఎదురెక్కిన పిల్లచేపలు మడుగులోకి నీళ్లొచ్చే దారిలోనే చిక్కుకుంటాయి. గేటువాల్వు కొంచెం కొంచెంగా తిప్పుతూ గంటసేపట్లో మూయండి.