పిట్టల ఎంబడి ఉరకకు బిడ్డా, ఒక్కకాడ కూసో

బిడ్డా,

మొన్న ఫోన్ల అన్నవ్ కదా, కెమెరా కొన్న పెద్దబాపు, నెల దినాల సంది తిరుగుతున్న గని ఒక్క పిట్ట గూడ నిలుస్తలేదు, ఫోటోలల్ల అన్ని తోకలే వస్తున్నయ్ అని. అప్పటి సంది నా మనసుల అదే తిరుగుతున్నది. ఫోన్ల చెప్తే సగం మర్శిపోతవని రాస్తున్న, జర నిమ్మళంగ చదువు.

నువ్వు పిట్టల ఎంబడి ఉరుకుతున్నవ్, అదే తప్పు. తన దిక్కు ఉరికొచ్చేది ఏదైనా పిట్టకు పిల్లి లెక్కనే. రేపటి సంది కెమెరా బీరువల పెట్టి, పొద్దుగాల ఆరింటికి చాయ్ గ్లాసు పట్టుకొని మీ ఇంటెనుక జామచెట్టుకు పదిహేను అడుగుల దూరంల కుర్చేసుకొని కూసో. రోజు అదే కుర్చీ, అదే జాగ, అదే టైం, అరగంట చాలు. మొదటి నాలుగు రోజులు కాకులు, గోరింకలు తప్ప ఏం రావు, ఇసుగొస్తది, అయినా లేవకు. వారం దాటినంక ఈ కుర్చీల మనిషితోని భయం లేదని వాటికి ఎర్కైతది, ఇగ అప్పుడు చూడు. నేను రిటైర్ అయినంక ఒక ఏడాది హన్మకొండల మా ఇంటి ఆవరణ దాటకుంటనే చూసిన, నోట్‌బుక్కుల రాసుకుంటె ముప్పై రకాలు దాటినయ్.

పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు, ముందుగాల అది ఏం పని చేస్తున్నదో చూడు. ఎండకాలం మీ గల్లీల కోయిల కూస్తది కదా, ఆ కుహూ కుహూ అనేది మొగది, నల్లగ ఉంటది. ఆడది గోధుమ రంగుల తెల్ల చుక్కలతోని ఉంటది, మస్తుమంది అది కోయిలనే అనుకోరు. అది గూడు కట్టదు, కాకి గూట్ల గుడ్డు పెడ్తది. కాకులు ఊకె ఊకె కోయిలను తరుముతున్నయంటే దగ్గర్ల ఏదో చెట్టు మీద గూడున్నదని అనుకో. ఓ ఏడు వానలు పడే ముందట మా డాబా మీదికెల్లి చూసిన, ఓ కాకి తన పోలికే లేని పిల్లకు నోట్ల మేత పెడ్తున్నది, అది ఎంత పెట్టినా నోరు తెరుస్తనే ఉన్నది, ఇది పెడ్తనే ఉన్నది. ఆ పూట మీ పెద్దమ్మ అన్నానికి మూడుసార్లు పిలిసినా నేను కిందికి దిగలే.

మందారం చెట్టు కాడికి వచ్చే తేనెపిట్టను గూడ గిట్లనే చూడు. గూడు అల్లేది ఆడదే, పొదిగేది ఆడదే, సాలెగూళ్ల దారాలు తెచ్చి గడ్డిపోచలు ఒకదానికొకటి అంటిస్తది. మొగది మాత్రం మా స్కూటర్ అద్దంల తనను తాను చూసుకొని ఇంకో మొగది వచ్చిందని పొద్దంత ముక్కుతోని కొట్టేది, పాపం అలసిపోయేది. మీ బండి అద్దాలకు గూడ గిట్ల జేస్తే వాటికి ఓ గుడ్డ సంచి తొడుగు.

ఇగ నీళ్ల సంగతి. మన దిక్కు మే నెలల 44, 45 డిగ్రీలు కొడ్తది, అప్పుడు గింజల కన్న నీళ్లే ముఖ్యం. మట్టి కంచుడు తీసుకో, రెండు వేళ్ల లోతు కన్న ఎక్కువ పొయ్యకు, నడుమ ఓ రాయి పెట్టు, చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతయ్. నీళ్లు రోజు పారబోసి కొత్తయి పొయ్యి, లేకుంటె దోమలు పుడ్తయ్. పిల్లి దాక్కునే పొద పక్కన పెట్టకు, నాలుగైదడుగుల ఎత్తుల గోడ మీద పెట్టు. మిగిలిన కూరన్నం ఎయ్యకు, ఉప్పు కారం వాటికి మంచిగ కాదు. జొన్నలు, సజ్జలు, నూకలు ఎయ్యి, కోతల టైముల ఊరికెల్లి నాలుగు వరి కంకులు తెచ్చి దర్వాజ కాడ కట్టు, మా అమ్మ కట్టేది.

చెట్లకు పురుగుల మందు కొట్టొద్దు, ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. గింజలు తినే పిచ్చుక గూడ పిల్లలకు పురుగులే పెడ్తది, పురుగు లేని దొడ్లె పిల్లలు బతకయ్. నీ కల్యమాకు చెట్టు మీద పిట్ట రెట్ట లెక్క కనపడే చిన్న పురుగుంటది, పెద్దగైతే పచ్చగైతది, దాన్ని నలిపెయ్యకు, అదే నల్ల సీతాకోకచిలుక. నాలుగు ఆకులు తింటె నీ పప్పుల పోపుకు ఏం తక్కువ కాదు. ఓ మూలకు తంగేడు పెట్టు, బతుకమ్మకు పువ్వు దొరుకుతది, దాని ఆకుల మీద గూడ సీతాకోకలు గుడ్లు పెడ్తయ్.

ఇంకోటి నా తప్పు చెప్త. గోరింట చెట్టుల పికిలిపిట్ట గూడు పెట్టింది, మూడు గుడ్లు, పిల్లలైనయ్. ఫోటో మంచిగ వస్తదని అడ్డమున్న రెండు కొమ్మలు నేనే కోసిన. తెల్లారేసరికి కాకి మూడింటిని ఎత్తుకపోయింది, తల్లి పిట్ట రెండు రోజులు నోట్ల పురుగు పట్టుకొని ఆ ఖాళీ గూటి సుట్టు తిరిగింది. ఇరవై ఏండ్లైంది, ఇప్పటికి కండ్లల్ల ఉన్నది. గూడు కనపడితే దూరం జరుగు, ఆకు గూడ తియ్యకు. ఫోన్ల రికార్డు చేసిన కూత పెట్టి పిలుసుడు గూడ ఒద్దు, ఇంకోటి తన జాగలకు వచ్చిందని మేత ఇడిసి కొట్లాటకు వస్తది.

కెమెరా కొంటె కొన్నవ్ గని, ఇగ ముందు దుర్బిని కొనుక్కో, 8x42 అని రాసుంటది, అంటే ఎనిమిది రెట్లు దగ్గరికి చూపెడ్తది, ముందటి అద్దం 42 మిల్లీమీటర్లు. పన్నెండింతలు అన్నయి తీసుకుంటె చెయ్యి వణికి ఏం కనపడది. కూత గుర్తుపట్టనీకి మెర్లిన్ అనే ఫ్రీ యాప్ ఉన్నది, అది చెప్పిందని నమ్మి రాసుకోకు, కండ్లతోని చూసినంకనే రాసుకో.

బయటికి పోవాలంటె చలికాలం పో. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ మీకు దగ్గరనే, నవంబర్ సంది ఫిబ్రవరి దాక ఉత్తరం దిక్కు దేశాలకెల్లి బాతులు వస్తయ్, పొద్దు పొడవంగ పోతెనే మంచిది. నర్సంపేట దాటితే పాకాల, కాకతీయుల గణపతిదేవుని కాలం చెరువు, సుట్టు అడవి, ఆడ ఒక పూట సప్పుడు చెయ్యకుంట కూసుంటె నీకు వేరే టీచరు అక్కర్లేదు.

దసరాకు పాలపిట్టను చూస్తం కదా, కొందరు దాన్ని పట్టి పంజరంల తెచ్చి పైసలకు చూపెడ్తరు. రూపాయి గూడ ఇయ్యకు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, మన రాష్ట్ర పక్షి అది. ఊరవతల కరెంటు తీగెల మీద మట్టి రంగుల ఓ పిట్ట కూసుంటది, ఆడ ఆగు, అది ఎగిరినప్పుడు రెక్కల నీలం చూడు, దండం పెట్టుకో, సాలు.

నా చిన్నప్పుడు ఊరి బయట పశువు సస్తే రాబందులు గుంపులు గుంపులుగ దిగేవి. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, ఆ సచ్చిన పశువులను తిన్న రాబందుల కిడ్నీలను తినేసింది, 2006ల పశువులకు ఇయ్యొద్దని సర్కారు బంద్ పెట్టింది గని అప్పటికే శానా పోయినయ్. ఆ మధ్య ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవుల పాలరాపు గుట్ట మీద కొన్ని కనపడ్డయ్, ఇప్పుడు ఉన్నయో లేవో. మోకాళ్లు సహకరిస్తె ఓసారి నిన్ను తీస్కపోత.

వచ్చే ఆదివారం పొద్దుగాల ఐదున్నరకు మీ గేటు కాడ ఉంట, ధర్మసాగర్ పోదం. ఎర్ర డ్రెస్సు ఒద్దు, మట్టి రంగుదో ఆకుపచ్చదో ఏసుకో, సెంటు కొట్టుకోకు, నోట్‌బుక్కు పెన్సిలు తెచ్చుకో. కెమెరా మాత్రం ఇంట్లనే పెట్టి రా. దుర్బిని నాది ఉన్నది, ఇద్దరం మార్చుకొని చూద్దం.

మీ పెద్దబాపు