మీ వంటగది సీలింగే పాప గదికి నేల

చిన్నా,

వంటగది ఫొటోలు చూశాను. సీలింగులో పన్నెండు డౌన్‌లైట్లు (కన్నం కొట్టి సీలింగు లోపలికి బిగించే లైట్లు) పెట్టిద్దామని ఉందని, షాపులో డబ్బాల మీద 'ఫైర్ రేటెడ్ 30, 60, 90' అని రాసి ఉంటే ఏది కొనాలో తెలియట్లేదని రాశావు. ఇంగ్లండులో ముప్పై ఏళ్ళు ఇళ్ళల్లో కరెంటు పని చేశాను. ఈ విషయంలో మాత్రం నా మాట కాస్త ఓపిగ్గా విను.

ఆ నిమిషాలు లైటువి కావురా, సీలింగువి.

విజయవాడలో మన ఇంటికి రెండు అంతస్తుల మధ్య కాంక్రీటు స్లాబు ఉంది. దాని కింద ఫాల్స్ సీలింగుకి ఎన్ని కన్నాలు కొట్టినా స్లాబుకి ఏమీ కాదు. అందుకే మనకి ఈ ఆలోచనే రాదు. నువ్వు ఇక్కడ కొన్న ఇంట్లో వంటగదికీ, పైన పాప పడుకునే గదికీ మధ్య ఉన్నవి నేలని మోసే చెక్క జాయిస్టులు (అడ్డకర్రలు), వాటి మీద పలకలు, కింద అర అంగుళం ప్లాస్టర్‌బోర్డు. మంటని మొదట ఆపేది ఆ బోర్డే. ఆ బోర్డులోని జిప్సం బరువులో దాదాపు అయిదో వంతు నీరు ఉంటుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా వేడి పైకి తొందరగా ఎక్కదు. అలాంటి బోర్డుకి నువ్వు పన్నెండు కన్నాలు పెట్టబోతున్నావు.

ఫైర్ రేటెడ్ ఫిట్టింగుకి వెనక మామూలుగా ఉక్కు డబ్బా ఉంటుంది. చాలావాటిలో వేడి తగలగానే ఉబ్బి సందులు మూసేసే పదార్థం కూడా ఉంటుంది. ఆ ఫిట్టింగులు బిగించిన సీలింగుని కొలిమి మీద పరీక్షిస్తారు. ఎన్ని నిమిషాలు నిలిచిందో ఆ అంకె వేస్తారు. కాబట్టి 30 నిమిషాల సీలింగులో 90 లైటు పెడితే అది 90 అయిపోదు. మీలాంటి రెండంతస్తుల ఇంటికి 30 చాలు. ఫ్లాటులో ఉంటే పైవాళ్ళకీ మీకూ మధ్య మామూలుగా 60 కావాలి, ఎత్తయిన భవనాల్లో ఇంకా ఎక్కువ.

అంకె కన్నా ముఖ్యమైనది జాయిస్టు రకం. దీన్ని చాలామంది చూడరు, అదే నా బాధ. పాత ఇళ్ళల్లో దిట్టమైన చెక్క దూలాలు ఉండేవి. కొత్త ఇళ్ళల్లో ఎక్కువగా ఐ-జాయిస్టులు (ఇంగ్లీషు 'I' ఆకారంలో ఉండేవి), లేదా మధ్యలో ఇనుప అల్లిక ఉన్న జాయిస్టులు వేస్తున్నారు. వాటి నడుము పల్చన, మంట తగిలితే దూలంలా నిలబడవు. దూలాల మీద చేసిన పరీక్ష వాటికి పనికిరాదు. అందుకే డబ్బా మీది అంకె చూసి ఊరుకోకు, తయారీదారుని టెస్ట్ రిపోర్టు అడుగు. అందులో పరీక్ష ప్రమాణంగా బ్రిటిష్ బీఎస్ 476 పార్ట్ 21 గానీ, యూరోపియన్ ఈఎన్ 1365-2 గానీ ఉండాలి. అందులో జాయిస్టు ఏ రకం, వాటి మధ్య దూరం ఎంత, బోర్డు మందం ఎంత అన్నది మీ ఇంటితో సరిపోవాలి. రిపోర్టు ఇవ్వలేమంటే ఆ లైటు వద్దు.

పాత ఫిట్టింగుల మీద తలకిందుల త్రికోణంలో 'ఎఫ్' అక్షరం కనిపిస్తే అది ఈ రేటింగు అనుకోకు. మామూలు చెక్క మీద బిగించవచ్చని దాని అర్థం, అంతే. పైన ఇన్సులేషన్ కప్పవచ్చా అన్నది కూడా వేరే సంగతి, దానికి డబ్బా మీద విడిగా రాసి ఉంటుంది. సీలింగు నుంచి వేలాడే లైటుకైతే తీగ దిగేంత చిన్న కన్నం చాలు. దాన్ని సరిగ్గా మూసేస్తే ఈ గొడవే ఉండదు. నీకు నచ్చితే వంటగదికి అలాంటివే రెండు మూడు పెట్టించు, నాకైతే అదే ఇష్టం.

ఒకసారి ఒక ఇంట్లో ఫిట్టింగు ఊడదీస్తే కన్నం వేలెడంత ఎక్కువ కోసేసి, చుట్టూ కాగితం కుక్కి, పైన రంగు వేసేసి ఉంది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ గది పైన ఇద్దరు పిల్లలు పడుకునేవారు. నీ ఎలక్ట్రీషియన్ కన్నం కొట్టేటప్పుడు దగ్గరుండు. కంపెనీ చెప్పిన కొలతకే కొయ్యాలి, స్ప్రింగులు బోర్డుని గట్టిగా పట్టుకోవాలి.

మేడ మీద గదుల సీలింగుకి, పైన ఖాళీ అటక ఒక్కటే ఉంటే, ఈ రేటింగు మామూలుగా అవసరం లేదు. అటకని గదిగా మార్చే ఆలోచన ఉంటే మాత్రం ముందే చెప్పు.

ఇంకా ఏమీ ఆర్డరు పెట్టకు. పాప గదిలో కార్పెట్ మూల ఎత్తి, ఊడొచ్చే పలక ఉంటే తీసి, లోపల జాయిస్టు కనపడేలా ఫొటో పంపు. బిల్డర్ ఇచ్చిన కాగితాల్లో జాయిస్టు పేరు ఉంటే అదీ పంపు.

మీ మామయ్య